గుండెను ఆపే మందు: అపోహలు – వాస్తవాలు

"గుండె ఆపి ఆపరేషన్ చేస్తారట" అనగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. అలా ఆపడానికి ఇచ్చే మందును కార్డియోప్లీజియా అంటారు. దాని మీద ఉన్న భయాల్లో ఏది ఎంతవరకు నిజమో చూద్దాం.

అపోహ: గుండె ఆగిందంటే ప్రాణం పోయినట్టే.
వాస్తవం: ఆ సమయంలో హార్ట్-లంగ్ మెషిన్ రక్తంలో ఆక్సిజన్ కలిపి ఒళ్లంతా తిప్పుతుంది. మెదడుకూ కిడ్నీలకూ సరఫరా ఆగదు. బృహద్ధమనికి క్లాంప్ వేయగానే రక్తం కరువయ్యేది గుండె కండరానికే. ఈ మందు అవసరమయ్యేది అందుకే.

అపోహ: కదలకుండా ఉంటే కుట్లు వేయడం సులువని గుండెను ఆపుతారు.
వాస్తవం: అది సగం కారణమే. రక్తం అందకపోయినా గుండె కొట్టుకుంటూ ఉంటే, ఉన్న శక్తి కాస్తా ఖర్చయి కండరం దెబ్బతింటుంది. ఆగిన గుండెకు ఆక్సిజన్ అవసరం దాదాపు 90 శాతం తగ్గిపోతుంది. మందును 4 డిగ్రీలకు చల్లబరిచి ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది. కాసేపట్లో మానిటర్ మీద ఈసీజీ గీత సాపుగా మారుతుంది. డాక్టర్లు కోరుకునేది అదే.

అపోహ: గుండెను ఆపడానికి ఈ మందులో ఉండే పొటాషియం విషమే.
వాస్తవం: అంతా మోతాదును బట్టి ఉంటుంది. 1955లో లండన్‌లో మెల్‌రోస్ బృందం వాడిన పొటాషియం సిట్రేట్ మరీ గాఢమైనది. కండరానికి హాని చేస్తోందని తేలడంతో ఆ పద్ధతి మూలనపడింది. గాఢత బాగా తగ్గించిన సెయింట్ థామస్ ద్రావణం 1970లలో దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చింది. అందులో పొటాషియం లీటరుకు సుమారు 16 మిల్లీమోల్స్.

అపోహ: ఒకసారి ఎక్కిస్తే ఎంతసేపైనా ఫర్వాలేదు.
వాస్తవం: మామూలు ద్రావణాలను సుమారు 20 నిమిషాలకోసారి మళ్లీ ఇవ్వాలి. డెల్ నిడో రకమైతే ఒక్క మోతాదు గంట, గంటన్నర కాస్తుంది. అందుకే హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్‌ఫ్యూజనిస్టు గడియారం చూస్తూ ఎన్ని నిమిషాలైందో సర్జన్‌కు చెబుతుంటారు.




అపోహ: ఆగిన గుండెను షాక్ ఇచ్చే లేపాలి.
వాస్తవం: క్లాంప్ తీయగానే వెచ్చటి రక్తం పొటాషియాన్ని కడిగేస్తుంది. చాలామందిలో గుండె దానంతటదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. లయ తప్పి అదిరితేనే చిన్న షాక్ ఇస్తారు.

బైపాస్ అంటే గుండె ఆపాల్సిందేనని కూడా లేదు. మన దేశంలో కొట్టుకుంటున్న గుండె మీదే చాలా బైపాస్‌లు చేస్తున్నారు. మీ వాళ్లకు ఏ పద్ధతి, ఎందుకు అన్నది ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి.