ఆయాసం వచ్చేదాకా తొక్కాల్సిందే!

ఇంట్లో ఒకరికి పార్కిన్సన్స్ అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఆ మనిషికి పనులన్నీ తగ్గిపోతాయి. పాల ప్యాకెట్ తేవడానికి మనవడు వెళ్తాడు. మంచినీళ్లు కోడలు అందిస్తుంది. ‘మీరు కూర్చోండి, పడిపోతారు’ అనే మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. అదంతా ప్రేమే, కాదనలేం. కానీ ఈ జబ్బు మీద ఇటీవల జరిగిన పరిశోధనలు చూస్తే మాత్రం ఆ కుర్చీ మీద అనుమానం వస్తుంది. పేషెంట్‌ని కదిలించండి, అదీ మామూలుగా కాదు, చెమట పట్టి ఆయాసం వచ్చేలా కదిలించండి అంటున్నాయవి.

మా పెదనాన్నకి రెండేళ్ల క్రితం ఈ జబ్బు బయటపడింది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఉండేది గుంటూరులో. మొదట కుడిచెయ్యి వణుకు, తర్వాత సంతకం చీమంత అయిపోవడం, ఆ తర్వాత నడకలో అడుగులు చిన్నవి కావడం. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ‘నెట్‌లో చూసి చెప్పరా’ అనే డ్యూటీ నాకు పడింది. (సాఫ్ట్‌వేర్ వాడికి మెడికల్ రిపోర్టు కూడా అర్థమవుతుందని మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం!)

ఈ జబ్బు గురించి లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాశాడు. మన ఆయుర్వేదంలో దీన్ని కంపవాతం అంటారు. మెదడు లోతుల్లో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటాయి. వణుకు మన కంటికి కనిపించేసరికే అందులో చాలా భాగం పోయి ఉంటాయి. లెవోడోపా మాత్ర వేసుకుంటే మెదడు దాన్ని డోపమిన్‌గా మార్చుకుంటుంది కాబట్టి కదలికలు తేలికవుతాయి. దూలగొండి గింజల్లో కూడా సహజంగా ఉండేది ఇదే లెవోడోపా. అలాగని డాక్టర్‌కి చెప్పకుండా ఆ పొడి మింగకండి, ఎంత డోసు లోపలికి వెళ్తోందో ఎవరికీ తెలీదు. అసలు చిక్కేమిటంటే, మాత్ర లోటు పూడుస్తుందే తప్ప జబ్బు ముదరడాన్ని ఆపుతుందని రుజువు కాలేదు. ఆ పని చేస్తుందని రుజువైన మందు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. డాక్టర్లు వ్యాయామం వైపు ఇంత ఆశగా చూడ్డానికి కారణం అదే.

సైకిల్ మీద మొదలైన కథ

2003లో అమెరికా శాస్త్రవేత్త జే ఆల్బర్ట్స్, పార్కిన్సన్స్ ఉన్న ఒక మహిళతో కలిసి ఇద్దరు తొక్కే సైకిల్ మీద అయోవా రాష్ట్రంలో సాగే సైకిల్ యాత్రలో పాల్గొన్నాడు. ముందు సీట్లో ఆయన గట్టిగా తొక్కుతుంటే వెనకున్నావిడ కూడా అదే వేగంతో తొక్కక తప్పదు. కొన్ని రోజులయ్యేసరికి ఆవిడ చేతిరాత బాగుపడింది. తొక్కింది కాళ్లతో, బాగైంది చేతిరాత! అంటే మార్పు కండరాల్లో కాదు, మెదడులోనే ఏదో జరిగిందన్నమాట.

దాన్ని ఆయన ఊరికే వదిలేయలేదు. 10 మంది పేషెంట్లతో 8 వారాల చిన్న పరీక్ష చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. సగం మంది తమకి వీలైన వేగంతో తొక్కారు. మిగతా సగం మంది చేత, ముందు సీట్లో ట్రైనర్‌ని పెట్టి, తమంతట తాము తొక్కే వేగానికి 30 శాతం ఎక్కువగా తొక్కించారు. వేగంగా తొక్కినవాళ్లకి కదలికల స్కోరు 35 శాతం మెరుగైంది. తీరిగ్గా తొక్కినవాళ్లకి గుండె దమ్ము పెరిగింది కానీ ఆ స్కోరు మారలేదు.

10 మందితో ఏం తేలుతుంది అంటారా? నిజమే. అందుకే ఆ తర్వాత వచ్చిన ‘స్పార్క్స్’ ట్రయల్ గురించి చెప్పుకోవాలి. అమెరికాలో 128 మంది, 40 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు, అందరూ జబ్బు బయటపడి ఐదేళ్లు దాటనివాళ్లు, ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్లు. వీళ్లని మూడు జట్లు చేశారు. ఒక జట్టు గుండె గరిష్ఠ వేగంలో 80-85 శాతం చేరేలా ట్రెడ్‌మిల్ మీద నడవాలి. రెండో జట్టు 60-65 శాతం. మూడోవాళ్లు ఎప్పట్లాగే ఉండొచ్చు. ఆరు నెలల తర్వాత కదలికలకి మార్కులు వేశారు. ఇక్కడ మార్కులు పెరిగితే జబ్బు పెరిగినట్టు. మామూలుగా ఉన్నవాళ్లకి 3.2 పెరిగింది. ఓ మోస్తరుగా నడిచినవాళ్లకి 2. గట్టిగా నడిచినవాళ్లకి 0.3, అంటే జబ్బు దాదాపు ఉన్నచోటే ఉంది.

నాకు ఈ ట్రయల్‌లో బాగా నచ్చింది ఇంకో అంకె. వారానికి 4 రోజులు చెయ్యమంటే గట్టి వ్యాయామం జట్టు సగటున చేసింది 2.8 రోజులే. వాళ్లూ మనలాంటి మనుషులే, బద్ధకించారు. అయినా ఫలితం కనిపించింది. ఈ ట్రయల్ చిన్నది కాబట్టి 370 మందితో పెద్దదాన్ని మొదలుపెట్టారు. తుది మాట అది చెప్పాలి.

నెదర్లాండ్స్‌లో 130 మందికి ఇళ్లలోనే సైకిళ్లు పెట్టి, ఎదురుగా తెర మీద గేమ్ ఆడుతూ తొక్కే ఏర్పాటు చేశారు. వారానికి 3 సార్లు, 30 నుంచి 45 నిమిషాలు. ఇంకో జట్టుకి ఒళ్లు సాగదీసే వ్యాయామాలు ఇచ్చారు. ఆరు నెలలకి సైకిల్ జట్టు 4.2 మార్కులు మెరుగ్గా ఉంది. అయితే ఇది మందు ప్రభావం దిగిపోయాక కొలిచిన లెక్క. మందు పనిచేస్తున్న సమయంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సైకిల్ ఉందని మాత్ర మానేయడం కుదరదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

‘గంట నడుస్తున్నా కదరా’

ఇదంతా చెబితే పెదనాన్న తేలిగ్గా తీసిపారేశారు. ‘రోజూ పార్కులో గంట నడుస్తున్నా కదరా, ఇంకేం కావాలి?’ అన్నారు. ఒకరోజు ఆయనతో వెళ్లాను. నలుగురు ఫ్రెండ్స్ రాజకీయాలు మాట్లాడుకుంటూ నాలుగు రౌండ్లు వేశారు. నా వాచీ తీసి ఆయన చేతికి పెడితే గుండె వేగం 92 చూపించింది. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. 65 ఏళ్లకి 155. అందులో 80-85 శాతం అంటే 124 నుంచి 132. పెదనాన్న 60 శాతం దగ్గరే ఉన్నారు. నడక మంచిదే, ఆ కబుర్లు ఇంకా మంచివి, కానీ పైన చెప్పిన డోసు అది కాదు.

అలాగని మర్నాడే పరుగెత్తించలేదు. ముందు న్యూరాలజిస్ట్‌ని అడిగాం. ఆయన గుండె డాక్టర్ దగ్గరికి పంపితే అక్కడ టీఎంటీ, ఈసీజీ చేశారు. ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదు. పార్కిన్సన్స్‌లో లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం మామూలే. ఎటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఎంత తొక్కినా గుండె వేగం అంతగా పెరగదు. ఈ జబ్బే కొందరిలో గుండె వేగాన్ని పెరగనివ్వదు. అప్పుడు వాచీ అంకె చూసి ఇంకా ఇంకా తొక్కితే ప్రమాదం. వాళ్లకి మాట పరీక్షే సరైంది. రెండు మూడు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే గట్టి వ్యాయామం కింద లెక్క. పెదనాన్న దీన్ని తన భాషలోకి మార్చుకున్నారు: ‘మీ పెద్దమ్మతో పోట్లాడ్డానికి ఊపిరి చాలకపోతే సరిపోయినట్టే!’

పెద్దమ్మకి ఇదంతా అస్సలు ఇష్టం లేదు. ‘వణికే మనిషిని సైకిలెక్కిస్తావా నాన్నా?’ అంది. ఆవిడ భయంలో న్యాయముంది. అందుకే ట్రెడ్‌మిల్ వద్దనుకుని, కదలకుండా ఒకేచోట ఉండే సైకిల్ కొన్నాం. నడకలో కాళ్లు నేలకి అతుక్కుపోయే పేషెంట్లు కూడా సైకిల్ తొక్కగలగడం ఈ జబ్బులో ఒక వింత. నడవలేకపోతున్న 58 ఏళ్ల పేషెంట్ ఒకాయన రోడ్డు మీద చక్కగా సైకిల్ తొక్కుతున్న వీడియోని నెదర్లాండ్స్ డాక్టర్ బాస్టియాన్ బ్లూమ్ 2010లో బయటపెట్టారు. చూసిన డాక్టర్లే ఆశ్చర్యపోయారు.

మొదటివారం పది నిమిషాలే. మాత్ర వేసుకుని అది బాగా పనిచేసే సమయం చూసి తొక్కేవారు. ఎండాకాలంలో పొద్దున్న ఐదున్నరకే, ఫ్యాన్ కింద. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి పెద్దమ్మే. ఇప్పుడు వారానికి మూడు రోజులు, ముప్ఫై నిమిషాలకి వచ్చారు. వణుకు తగ్గిందా అంటే తగ్గలేదు. కుర్చీలోంచి ఒక్క ప్రయత్నంలో లేస్తున్నారు, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. మధ్యలో మందు డోసు కూడా మార్చారు కాబట్టి ఘనత మొత్తం సైకిల్‌కి ఇవ్వలేం.

ఒక్క విషయం మాత్రం నన్ను తొలుస్తోంది. మగవాళ్లకైనా పార్కు ఉంది, ఫ్రెండ్స్ ఉన్నారు. అదే జబ్బు అమ్మకో అమ్మమ్మకో వస్తే ‘రోజంతా ఇంటిపని చేస్తూనే ఉందిగా, ఇంకా వ్యాయామం ఎందుకు’ అంటాం. గిన్నెలు తోమితే, కూరగాయలు తరిగితే గుండె 120 దాటదు. ఒళ్లు మాత్రం అలిసిపోతుంది, ఇక సైకిల్ ఎక్కే ఓపిక మిగలదు. ఆవిడ కోసం ఇంట్లో ఎవరో ఒకరు వారానికి మూడు పూటలైనా ఆ పని అందుకోవాలి.

మీ ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లుంటే వచ్చే చెకప్‌లో డాక్టర్‌ని ఈ మూడు అడగండి: గుండె ఎంత వేగం దాకా వెళ్లొచ్చు? ఇప్పుడు వాడుతున్న బీపీ మాత్ర ఆ అంకెని మారుస్తుందా? మొదటి నెల పక్కనుండి నేర్పడానికి ఫిజియోథెరపిస్ట్ ఎవరున్నారు?