తల్లిపాల నుంచి డీఎన్ఏ తీసేదెలా?

పిల్లలూ! పాలలో ఏముంటాయని అడిగితే కొవ్వు, మాంసకృత్తులు, చక్కెర, కాల్షియం అని టకటకా చెప్పేస్తారు. తల్లిపాలలో వీటితోపాటు కణాలు కూడా ఉంటాయని తెలుసా? పాలగ్రంథి నుంచి రాలిన కణాలు, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, కొన్ని బాక్టీరియాలు అందులో ఉంటాయి. కాన్పయిన తొలి రోజుల్లో వచ్చే ముర్రుపాలలో తెల్లకణాలు ఎక్కువ. కణాలున్నాయంటే డీఎన్ఏ కూడా ఉన్నట్టే. పైగా పాలయితే సూది గుచ్చకుండానే గ్రంథి కణాలు పరిశోధకులకు దొరుకుతాయి.

మొదటి పని, పాలను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పడం. మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టు, ఇక్కడా కొవ్వు పైకి చేరుతుంది. బరువైన కణాలు గొట్టం అడుగున చిన్న ముద్దగా దిగుతాయి. ఆ ముద్దను ఉప్పు ద్రావణంతో బాగా కడుగుతారు. కొవ్వు, కాల్షియం మిగిలిపోతే తర్వాత చేసే పీసీఆర్ పరీక్షకు అడ్డం పడతాయి.

రెండో పని, కణాలను పగలగొట్టడం. సబ్బు జిడ్డును వదిలించినట్టే, డిటర్జెంటు కొవ్వుతో ఏర్పడిన కణపు పొరను విడగొడుతుంది. ప్రోటినేజ్-కె అనే ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. బాక్టీరియాల గోడ గట్టిది కాబట్టి సన్నని పూసలు వేసి జోరుగా కుదుపుతారు.

మూడో పని, ఉప్పు, చల్లని ఆల్కహాలు కలపడం. ఆల్కహాలులో డీఎన్ఏ కరగదు, విడిపోయి అడుగుకు చేరుతుంది. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రీడ్రిష్ మీషర్ ఈ పదార్థాన్ని మొదటిసారి వేరుచేశాడు. ఆయనకు దొరికిన ముడిసరుకు ఏమిటో తెలుసా? గాయాల కట్లకు అంటిన చీములోని తెల్లకణాలు!

ఆర్ఎన్ఏ కావాలంటే మాత్రం పైన తేలిన కొవ్వును పారేయకూడదు. కొవ్వు బిందువు గ్రంథి కణం నుంచి బయటపడేటప్పుడు ఆ కణంలోని ద్రవాన్ని కాస్త వెంట తెచ్చుకుంటుంది. అందులో ఆర్ఎన్ఏ ఉంటుంది. అది త్వరగా ముక్కలైపోతుంది కాబట్టి పాలను చల్లగా ఉంచి వెంటనే పని మొదలుపెట్టాలి.

ఇన్ని పనుల పక్కనే మరో గొట్టం కూడా నడుస్తుంది. అందులో పాలు ఉండవు, రసాయనాలు మాత్రమే. దానికీ అన్ని పనులూ వరుసగా చేస్తారు. అందులో డీఎన్ఏ కనిపిస్తే, అది చేతి నుంచో, గొట్టం నుంచో, రసాయనాల నుంచో వచ్చిందన్నమాట. ఈ ఖాళీ గొట్టం లేకపోతే చేతి మీది బాక్టీరియాను తల్లిపాలకు అంటగట్టే ప్రమాదం ఉంది. ఆ మాట విని ఏ తల్లయినా బిడ్డకు పాలివ్వడానికి భయపడితే నష్టం ఎవరికి?

ఇంకో మాట. డీఎన్ఏలో ఉన్నది ఆ తల్లి సొంత సమాచారం. ఆమెకు అంతా వివరించి, ఆమె ఒప్పుకున్నాకే పాలు తీసుకోవాలి.

మీరు ఏ ఊళ్లో చదువుతున్నా సైన్సు టీచరుగారిని అడిగి అరటిపండుతో ఈ ప్రయోగం చేసి చూడండి. పక్కన అరటిపండు వేయని గొట్టం ఒకటి పెట్టడం మరచిపోకండి!