బీమా లెక్కలకు ఐరోపా ఇచ్చిన మినహాయింపు

ఒకే ప్రమాణమును దేశమునకొక తీరున పాటించుట వాణిజ్యశాస్త్రము చదువు మాకు మొదట వింతగా తోచినది.

అంతర్జాతీయ అకౌంటింగు ప్రమాణముల మండలి 2017 మే నెలలో బీమా ఒప్పందములకై ఐ.ఎఫ్.ఆర్.ఎస్. 17 అను ప్రమాణమును వెలువరించినది. ఒక సంవత్సరమునకు మించిన ఎడముతో జారీయైన పాలసీలను ఒకే సమూహమున చేర్చరాదని అందలి నియమము. పాత పాలసీల లాభము కొత్త పాలసీల నష్టమును కప్పివేయరాదని దాని ఉద్దేశము.

నియమము న్యాయమైనదే. కాని ఐరోపా జీవితబీమాలో పలుచోట్ల వృద్ధులును యువకులును ఒకే నిధి రాబడిని పంచుకొందురు; ఒక తరమునకు తగ్గినది మరియొక తరము వాటానుండి పూడును. ఉమ్మడి కుటుంబపు గాదెలోని ధాన్యమును, ఏ యేటి పంట యేదో చెప్పి వేరుచేయుట యెట్లు? కావున ఐరోపా సంఘము 2021 నవంబరులో ప్రమాణమును ఆమోదించుచు, ఇట్టి పాలసీలకు ఆ నియమమును పాటింపకుండు వెసులుబాటును కంపెనీల ఇష్టమునకు విడిచినది. 2023 జనవరి 1 నుండి ప్రమాణము అమలులోనికి వచ్చినది.

వెసులుబాటును మేము తప్పుపట్టము. అయితే దానిని వాడుకొన్న కంపెనీ ఆ సంగతి వెల్లడింపవలెను. మండలి ప్రమాణమును సంపూర్ణముగా పాటించితినని చెప్పుకొనజాలదు. లాభములను సరిపోల్చువారు అంకెలకంటె ముందు వివరణలనే చదువవలసియున్నది. ఈ మినహాయింపును 2027 డిసెంబరు 31 లోగా పునఃపరిశీలింపవలెనని ఐరోపా శాసనములోనే వ్రాసియున్నారు.