కంప్యూటర్‌లో కట్టిన రామనగర్

ఈ సంచికకు ఏం రాయాలా అని కూర్చుంటే, మేం ముగ్గురం కలిసి కట్టి, మా చేతులతో మేమే పోగొట్టుకున్న ఊరు గుర్తొచ్చింది. అది కంప్యూటర్‌లో కట్టిన ఊరు.

వర్చువల్ ప్రపంచం అంటే కంప్యూటర్‌లో ఒక నేల, దాని మీద మన తరఫున తిరిగే ఒక బొమ్మ. ఆ బొమ్మను అవతార్ అంటారు. ఇల్లు కట్టుకోవచ్చు, ఎదురుపడ్డ వాళ్లతో మాట్లాడవచ్చు. వీటిలో బాగా పేరున్నది సెకండ్ లైఫ్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ 2003 జూన్ 23న దాన్ని అందరికీ విడుదల చేసింది. అంతకుముందు నెలల తరబడి కొద్దిమంది చేత పరీక్ష చేయించింది. తయారుచేసేవాళ్లు తమలో తాము చూసుకునే తొలి రూపాన్ని ఆల్ఫా అని, బయటివాళ్ల చేతికిచ్చి చూసేదాన్ని బీటా అని అంటారు. తమాషా ఏమిటంటే, అందరూ తిరిగే అసలు ప్రపంచానికి ఆ సంస్థ పెట్టుకున్న పేరు అగ్ని, ప్రయోగాల ప్రపంచానికి పేరు అదితి! అదితిలో కట్టింది అగ్నిలోకి రాదు. అక్కడ ఖర్చుపెట్టిన లిండెన్ డాలర్లు ఇక్కడ తగ్గవు. మన చీరాలలో రంగు వేసేవాళ్లు ముందు ఒక్క చిలప నూలు ముంచి, ఉతికి, ఆరబెట్టి చూస్తారే, అలాంటిదే. ఆ చిలప పాడైతే నష్టం కొంచెమే.

సెకండ్ లైఫ్‌కి మంచి ఇంటర్నెట్ కావాలి. మాకు లేదు. అందుకని ఓపెన్ సిమ్యులేటర్ పట్టుకున్నాం. ఇది 2007లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. అలాంటి ప్రపంచాన్నే మన కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ లేకుండా నడుపుకోవచ్చు. ఇన్నేళ్లయినా దాని వెర్షన్ సంఖ్య ఇంకా ఒకటికి చేరలేదు. తయారుచేసేవాళ్లే ఆల్ఫా అని చెప్పుకుంటారు. ఆ మాట చదివి మేం భయపడాల్సింది, పడలేదు.

మొదట 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు నేల వస్తుంది. దాని మీద తాటాకు పాకల వరుసలు వేసి రామనగర్ అని పేరు పెట్టాం. 1921లో మునిసిపల్ పన్నులకు నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల పేరాల జనం ఊరు ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న చోటు పేరది. వార్షికోత్సవం నాడు తమ్ముళ్లకు చూపించాలని మా ఆశ.

ఇంతలో కొత్త ప్రయోగ వెర్షన్ వచ్చింది. పాత ఫోల్డర్ తుడిచేసి కొత్తది పెట్టాం. తెరిచి చూస్తే నీళ్ల మధ్య గుండ్రటి దిబ్బ ఒక్కటే ఉంది. ఒక్క పాక లేదు! తప్పు పూర్తిగా మాదే. మనం మార్చకపోతే, కట్టిందంతా ఒక డేటాబేస్ ఫైల్‌గా ఆ ఫోల్డర్ లోపలే, బిన్ అనే చోట ఉంటుంది. 'సేవ్ ఓఏఆర్' అని ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే నేల, పాకలు అన్నీ ఒకే ఫైల్‌లో భద్రంగా ఉండేవి. మాలో ఒకడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో మొదటగా చదువుకున్న మనకు ఒక అలవాటుంది. కంప్యూటర్‌లో ఏదైనా తేడా వస్తే "నాకే తెలియదేమో" అనుకుని ఎవరూ చూడకముందే కట్టేస్తాం. ల్యాబ్‌లో మేమూ అలా ఎన్నిసార్లు చేశామో! ప్రయోగదశ సాఫ్ట్‌వేర్‌కి కావలసింది ఆ తేడాయే. అయితే "తలుపు పనిచేయడం లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్, ఏ కంప్యూటర్, ఎన్నిసార్లు నొక్కాం, ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది, మళ్లీ చేస్తే మళ్లీ అలాగే అయిందా అన్నది వరసగా రాయాలి. లాగ్ ఫైల్ జతచేయాలి. ఇంగ్లీషు గొప్పగా రానక్కరలేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు. మనలాంటి పాత కంప్యూటర్ మీద వచ్చే తేడా ఖరీదైన కంప్యూటర్ ఉన్నవాళ్లకు కనిపించకపోవచ్చు కూడా.

రామనగర్‌ని మళ్లీ కట్టాం. రెండోసారి సగం రోజుల్లోనే అయింది, వీధులు కూడా తిన్నగా వచ్చాయి. ఈసారి ఆ ఫైల్ రెండు పెన్‌డ్రైవుల్లో ఉంది. ఒకటి మా దగ్గర, రెండోది వార్డెన్ గారి బీరువాలో.