పల్లె వార్త నడచు కొత్త బాట

సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు సమీపమున రెజిమెంటల్ బజార్ అను పేట కలదు. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన ఈ నగరమున, సైనిక పటాలముల అవసరములు తీర్చుటకై ఏర్పడిన బజారులలో ఇది యొకటియని దాని పేరే చెప్పుచున్నది. ఈ పేటకు అనతిదూరముననున్న సరోజినీదేవి రోడ్డునుండి, 1938లో స్థాపితమైన దక్కన్ క్రానికల్ ఆంగ్ల దినపత్రికయు, 1960లో ఆరంభమైన ఆంధ్రభూమి తెలుగు దినపత్రికయు చిరకాలము వెలువడినవి. అచ్చయిన పత్రికల కట్టలు రైళ్లలోను బస్సులలోను జిల్లాలకు పోయెడివి. జిల్లాల వార్తల కవర్లు అదే బాటన నగరమునకు వచ్చెడివి.

2020 మార్చిలో లాక్‌డౌను విధింపబడినపుడు ఆంధ్రభూమి అచ్చు నిలిచిపోయినది. అది ఒక పత్రికకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. వార్త నడచు బాటయే మారినది. ఆ మార్పు మన గ్రామములను ఎట్లు తాకుచున్నదో, పంచాయతీ సభ్యులు దానిని ఎట్లు ఎదుర్కొనవలెనో ఇచట వివరింపదలచితిమి.

వెనుకటి పద్ధతి

పూర్వము పల్లెలో జరిగిన సంగతి పత్రికకెక్కుటకు రెండు మూడు దినములు పట్టెడిది. విలేకరి కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, బస్సులోనో తపాలాలోనో పంపెడివాడు. అత్యవసరమైనచో టెలిగ్రాము ఇచ్చెడివాడు. ఆ టెలిగ్రాము సేవయు 2013 జూలైలో ముగిసినది. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధములను వెలువరించుటతో మండల విలేకరుల అవసరము హెచ్చినది. తక్కిన పత్రికలును అదే మార్గము పట్టినవి.

ఈ ఆలస్యమువలన ఒక మేలు కూడ ఉండెను. విలేకరి వ్రాసినదానిని కార్యాలయమున ఉపసంపాదకుడు చదివెడివాడు. సందేహము కలిగినచో ప్రశ్నించెడివాడు. అచ్చగుటకు ముందు వార్త ఇద్దరు ముగ్గురి కంటబడెడిది.

చేతిలోని యంత్రము

2016 సెప్టెంబరు తరువాత సెల్ ఫోనులలో ఇంటర్నెట్టు మిక్కిలి చౌక అయినది. ఈనాడు విలేకరి ఒక్కడే వార్త వ్రాయును, ఫొటో తీయును, వీడియో కూర్చును, నిమిషములలో పంపును. ఇదంతయు అతడు కొత్తగా నేర్చుకొన్న విద్య. వెనుక ఒక్కొక్క కార్యాలయమునకు ఒక్కొక్క అక్షరరూపముండుటచే, ఒకచోట కూర్చిన తెలుగు మరొకచోట తెరచినచో అర్థము కాని గుర్తులుగా కనబడెడిది. 1991లోనే తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానము లభించినను, అది వాడుకలో స్థిరపడుటకు చాలకాలము పట్టినది. అట్లు స్థిరపడిన పిదప ఏ కొలువునకును కట్టుబడని స్వతంత్ర విలేకరి ఒకేచోట వ్రాసి పలు పత్రికలకు, వెబ్‌సైట్లకు పంపగలుగుచున్నాడు.

అయితే వార్తను సరిచూచు రెండవ కన్ను పలుచోట్ల లేకపోయినది. ఆ భారమును కూడ విలేకరియే మోయవలసి వచ్చుచున్నది. ఒక ఉదాహరణము చూతము. ఊరి ట్యాంకులో నీరు విషమైనదని వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చినదనుకొందము. మంచి విలేకరి దానిని వెంటనే ముందుకు పంపడు. మొదట ఆ ఫొటో ఏనాటిదో, ఏ ఊరిదో ఇంటర్నెట్టులో వెదకును. పిదప ట్యాంకువద్దకు పోయి చూచును. పంచాయతీ కార్యదర్శిని, ఆరోగ్య కేంద్రమువారిని అడుగును. ఎవరైన జబ్బుపడిరా, నీటిని పరీక్షకు పంపిరా అని విచారించి, తెలిసినంతవరకే వ్రాయును. ఇంతలో కార్యదర్శి ఫోను ఎత్తకపోయినను, సర్పంచి సమాధానము చెప్పకపోయినను పుకారే గెలుచును.

ఆదాయము మాట

యూట్యూబులో ప్రకటనల ఆదాయము పొందుటకు సాధారణముగా వేయిమంది చందాదారులును, ఏడాదిలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెను. ఆ పిదప కూడ ఆదాయము చూచువారి సంఖ్యనుబట్టియే వచ్చును. కనుక ఉన్నదానికంటె పెద్దగా చూపవలెనను ఆశ పుట్టుట సహజము.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టము, ఈ పనియే ముఖ్యవృత్తిగా కొలువు చేయువారికి రక్షణ కల్పించినది. దానిని తనలో కలుపుకొన్న 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ డిజిటల్ మాధ్యమములవారిని కూడ గుర్తించినది. అయినను సేద్యమో కొట్టో జీవనాధారముగా నుండి, తీరిక వేళల వార్తలు పంపువానికిని, కొలువు లేని స్వతంత్ర విలేకరికిని ఆ రక్షణ అందుట కష్టము. మన ఊరి వార్త వ్రాయువాడు ఇట్టి ఇబ్బందిలో పనిచేయుచున్నాడని సభ్యులు మరువరాదు.

పుకారు చేయు హాని

2018 మే మాసమున, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వచ్చిన పుకారులు నమ్మి, తెలంగాణములో జనులు అమాయకులపై దాడిచేసిరి. ప్రాణనష్టము కూడ జరిగినది. అపుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, దండోరాతోను, జానపద గీతములతోను నిజము చెప్పించిరి. ఫోనులో పుట్టిన అబద్ధమును ఊరి డప్పు ఎదుర్కొన్నది. ఊరివారు నమ్ము నోటితో, సకాలమున చెప్పిన నిజమునకు నేటికిని బలమున్నదని దీనివలన తెలియుచున్నది.

పంచాయతీలు చేయదగినది

మొదటిది, అడుగకముందే చెప్పుట. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రకారము కార్యాలయములు తమ వివరములను తామే ప్రకటింపవలెను. పనుల అంచనాలు, బిల్లులు, గ్రామసభ తేదీలు నోటీసు బోర్డుపై నుంచవలెను. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్‌లో లెక్కలు సకాలమున నమోదు కావలెను.

రెండవది, పుకారు పుట్టిన గంటలోనే సమాధానమిచ్చుటకు ఒక బాధ్యుని నియమించుట. పెద్ద పత్రిక విలేకరికిని, ఫోను పట్టుకొని వచ్చిన స్వతంత్ర విలేకరికిని ఒకే సమాధానము దొరకవలెను.

మూడవది, న్యాయమైన దూరము పాటించుట. వార్త వేయుటకో, ఆపుటకో డబ్బడుగువాడు విలేకరి కాడు. అట్టివానిని గూర్చి పోలీసులకు తెలుపవలెను. కాని నిధుల లెక్క అడిగినవానిని శత్రువుగా చూడరాదు. తప్పు వార్త వచ్చినచో ఆధారములతో సవరణ కోరవలెను. పత్రికయైనచో, 1978 చట్టము క్రింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిలుకు కూడ ఫిర్యాదు చేయవచ్చును. యూట్యూబు ప్రసారములు ఆ కౌన్సిలు పరిధిలోనివి కావు. కావున అచట ఆధారముతో కూడిన తక్షణ సమాధానమే ముఖ్యము.

విలేకరులు కొత్త పనిముట్లు నేర్చి తమ వంతు శ్రమ చేయుచున్నారు. వారు సరిచూచుకొనుటకు కావలసిన కాగితము మాత్రము పంచాయతీ బీరువాలో నున్నది. ఆ బీరువా తాళము తెరచియుంచుట సభ్యుల వంతు.