సత్యభామ పాట తూకమెంత?

సినిమాలో పుట్టి ఆ సినిమాతోనే పోయే పాటలు ఎన్నో. నాటకంలో పుట్టి, వెండితెర మీదికి వలస వచ్చి, అదే తన పుట్టిల్లన్నట్టు నిలిచిపోయినవి కొన్నే. ‘మీరజాలగలడా’ అట్లాంటి పాట.

మా విద్యార్థులు దీన్ని సుశీలగారి పాట అంటారు. కాదనలేం. 1966లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో, పెండ్యాలవారి సంగీతంలో, జమునగారి సత్యభామకు ఆమె గొంతు అంత చక్కగా అమరింది. కాని ఈ పాట కట్టినవాడూ, సత్యభామగా రంగస్థలం మీద పాడినవాడూ ఒక మగవాడు! 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి నాటక సమాజంలో పేరు గడించి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారు. నాటకం ముత్తరాజు సుబ్బారావుగారిది. ఈ పాట మాత్రం స్థానంవారి సొంతం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతాను. ‘మీఱు’ అంటే దాటడం. ‘చాలు’ అంటే శక్తి కలిగి ఉండడం. ఆపైన ‘కలడు’ అన్నదీ శక్తినే చెబుతుంది. చేయగలగడాన్ని రెండుసార్లు చెప్పి, చివర ఒక్క ‘ఆ’తో రెండింటినీ కొట్టిపారేసింది సత్య. ఆమె గర్వమంతా ఆ ఒక్క క్రియాపదంలోనే ఉంది!

ఈ కథ 1935లో, 1955లో, 1966లో మూడుసార్లు తెరకెక్కింది. అభిరుచులు మారినా 1966లో ఈ పాటకు బదులు కొత్త పాట పెట్టలేదెందుకు? పాత పాట మీది మమకారం ఒక్కటే కాదు, కథ అవసరం కూడా అని నాకు తోస్తుంది. తర్వాత జరిగేది తెలిసిందే గదా! భర్తను నారదుడికి దానమిచ్చి, నగలన్నీ త్రాసులో పోసినా సత్యభామ ఆయనతో తూగలేకపోతుంది. రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి త్రాసు మొగ్గుతుంది. ముందు ఆ గర్వం మన చెవులకు తియ్యగా వినిపించకపోతే, తర్వాత ఆమె కన్నీళ్లకు విలువేముంది? పాట తీసేస్తే త్రాసులో ఒక పళ్లెం తీసేసినట్టే.

అదే చిత్రంలో నారదుడు కృష్ణుణ్ణి వేలం వేసే ‘భలే మంచి చౌకబేరము’ సంగతీ ఇంతే. అది తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)కు పాటలు రాసిన చందాల కేశవదాసుగారిది. 1966 నాటికి ఆయన లేరు, పాట ఉంది.

సినిమాకు వచ్చి పాట కొంత పోగొట్టుకుంది కూడా. రంగస్థలం మీద వన్స్‌మోర్ అంటే నటుడు మళ్లీ అందుకొనేవాడు. ప్రేక్షకుల ఉత్సాహాన్నిబట్టి సాగదీసేవాడు. తెర మీద ఎప్పుడు చూసినా అదే కొలత. అయినా నాటక సమాజాలు మూతబడ్డాక పాటను మన దాకా తెచ్చింది సినిమాయే.

ఇప్పుడు పాటల పోటీల్లో పిల్లలు దీన్ని పాడుతున్నారు. గాయని పేరు, చిత్రం పేరు చెబుతున్నారు. వాటి పక్కన స్థానంవారి పేరు కూడా చెబితే క్షణం పట్టదు. ఆయన బాకీ మనం తీర్చలేకపోయినా, పేరు తలుచుకోవడం తులసిదళమంత పని!