తోటరాముడిది గెలుపా... 'బాట్' మహిమా?

క్వెస్టులు, లోర్, బాట్‌లు... అన్నీ ఒకప్పుడు మన పేట సరుకే!

కోడంబాక్కం:

"ఏరా, రాత్రంతా ఆ పెట్టె ముందే కూర్చున్నావా?"

"లేదు తాతయ్యా. బాట్ పెట్టేసి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే సంచి నిండా బంగారం!"

"బాటా... అంటే ఏంట్రా?"

"మన బదులు అదే ఆడేస్తుంది. రాక్షసుల్ని కొడుతుంది, నాణేలు ఏరుతుంది."

"ఓహో... పాతాళభైరవి బొమ్మన్నమాట!"

పవర్‌హౌస్ స్టాపులో బస్సు దిగి ట్రస్ట్‌పురం, రంగరాజపురం సందుల్లోకి నడిస్తే ఏ తెలుగింట్లోనైనా ఇలాంటి మాటలు వినిపించొచ్చు. తాతగారికి కంప్యూటర్ ఆట తెలియదు. మనవడికి పాత సినిమా తెలియదు. అయినా ఇద్దరూ వాదించుకునే విషయం ఒక్కటే. కష్టపడకుండా చేతికొచ్చిన గెలుపు గెలుపేనా? ఈ ప్రశ్న అమెరికా నుంచో, జపాన్ నుంచో దిగుమతైంది కాదు. ఈ పేటలోనే, ఆర్కాట్ రోడ్డు పక్కనే డెబ్బయ్యేళ్ల కిందట తెరకెక్కింది.

మజిలీకో గండం

మాంత్రికులు, కత్తులు, కోటలతో సాగే పాత్రధారణ ఆటలకు ఓ చరిత్ర ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడేది అది. జపాన్ నుంచి 1986లో 'డ్రాగన్ క్వెస్ట్', 1987లో 'ఫైనల్ ఫాంటసీ' వచ్చాయి. 1994లో 'ఎల్డర్ స్క్రోల్స్' వరుస మొదలైంది. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' లక్షల మందిని ఒకే లోకంలో కూర్చోబెట్టింది.

వీటన్నింటికీ ప్రాణం క్వెస్ట్. అంటే సాహసయాత్ర. ఓ పని ఒప్పుకుంటావు, బయల్దేరతావు, దారిలో గండాలు దాటతావు, వస్తువు తెస్తావు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్ని చదివినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. కాశీకి నడిచిపోయే దారిలో మజిలీకో వింత, వింతకో కథ. పన్నెండు భాగాలు! నేటి పిల్లలు 'లెవెల్' అంటున్నది అప్పటివాళ్లకు మజిలీ.

ఆ కథల నుంచి పుట్టిందే విజయా వారి 'పాతాళభైరవి'. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లే కెమెరా. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. 1951 మార్చి 15న తెలుగులో విడుదలైంది. అదే ఏడాది తమిళంలోనూ వచ్చింది. 'డింభక' లాంటి మాటల్ని ఊరూరా పిల్లల నోట ఆడించింది. ఆనాటి విజయా-వాహినీ స్టూడియో ఇక్కడికి కూతవేటు దూరంలోని వడపళనిలో ఉండేది. ఇప్పుడు ఆ ప్రాంతాన్ని ఆసుపత్రి, మాల్‌తోనే గుర్తుపడుతున్నారు.

బొమ్మ ఉంటే చాలా?

తాతగారు బాట్‌ను పాతాళభైరవి బొమ్మతో పోల్చడంలో తప్పేమీ లేదు. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు. రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు. రాజుగారేమో తమతో సమానంగా సంపద తెచ్చి చూపించమన్నాడు. అదీ క్వెస్టు! నేపాళ మాంత్రికుడి వెంట వెళ్లాడు. తనను బలివ్వబోతున్నాడని తెలుసుకుని మాంత్రికుడి తలే నరికాడు. అమ్మవారు ఓ బొమ్మనిచ్చింది. దాన్ని అడిగితే చాలు... మేడలు, మిద్దెలు అన్నీ వచ్చాయి.

అయితే కథ అక్కడే ఆగిపోలేదు. సదాజపుడు బతికించిన మాంత్రికుడు రాజుగారి బావమరిది చేత బొమ్మను కాజేయించాడు. బొమ్మతో వచ్చిన మేడ బొమ్మతోనే పోయింది. ఇందుమతీ పోయింది. రాముడికి మిగిలింది రెండే... తన ధైర్యం, అంజిగాడి స్నేహం. రెండో సగం కథంతా ఆ రెండింటితోనే నడిచింది. కథను అలా మలచడంలోనే కె.వి.రెడ్డి, పింగళిల ప్రజ్ఞ తెలుస్తుంది.

ఇటు ఆటల లోకంలోనూ ఇదే రగడ. రాత్రీపగలూ బాట్‌లు ఆడేస్తే, కూర్చుని ఆడేవాడు వెర్రివాడవుతాడు. ఆటలోని బంగారానికి విలువ పడిపోతుంది. కొందరైతే అలా పోగేసిన బంగారాన్ని నిజం డబ్బుకే అమ్ముకుంటారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కోసం 'గ్లైడర్' అనే బాట్‌ను తయారుచేసి అమ్మిన సంస్థ మీద ఆ ఆట యజమాని బ్లిజార్డ్ కోర్టుకెక్కింది. 2008లో అరిజోనాలోని ఫెడరల్ కోర్టు బ్లిజార్డ్ పక్షానే తీర్పిచ్చింది. 2010లో అప్పీలు కోర్టు కొన్ని అంశాలను కొట్టేసినా, ఆటకున్న రక్షణ తాళాన్ని దాటవేయడం తప్పేనని తేల్చింది.

కోర్టు తేల్చినా అభిమానులు తేల్చుకోలేదు. "వెయ్యిసార్లు అదే ఎలుకను చంపమంటే మనిషెందుకు? యంత్రం చాలదా?" అనేది ఒక వాదన. "కష్టమే ఆట. అది తీసేస్తే మిగిలేదేంటి?" అనేది మరొకటి. రెండింటిలోనూ న్యాయముంది.

శశిరేఖా... వత్సలా?

ఇక లోర్. అంటే ఆటలోకపు పూర్వకథ. మన మాటల్లో స్థలపురాణం. ఏ రాజు ఎవరి కొడుకు, ఏ దేవుడు ఎందుకు అలిగాడు... అభిమానులు పేచీ పడేది ఎక్కువగా ఇక్కడే. ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్'కు ఆటగాడి ఎంపికను బట్టి వేర్వేరు ముగింపులున్నాయి. వాటిలో ఏది నిజం? 2002 నాటి 'మారోవిండ్' దీనికో గమ్మత్తైన జవాబు చెప్పింది. కాలమే గాడి తప్పిందట. అన్ని ముగింపులూ జరిగినట్టేనట!

నవ్వొస్తుంది కానీ, మనం చేసిందీ అదే. విజయా వారి 'మాయాబజార్' 1957లో తెలుగు, తమిళ భాషల్లో వచ్చింది. తెలుగులో సావిత్రి శశిరేఖ. తమిళంలో అదే సావిత్రి వత్సల. సెట్టింగులు అవే, కథా అదే. వ్యాసభారతంలో చూద్దామా అంటే ఆ పిల్లే కనిపించదు. జనం చెప్పుకున్న కథల్లోంచి వచ్చింది. ఇంతకీ ఎవరి మాట నిజం? పక్కింటి తమిళులదీ నిజమే, మనదీ నిజమే. పాండవులు తెరమీద కనిపించని భారతకథను తీసి మెప్పించినవాళ్లకు ఇదో లెక్కా!

పేరు లేని రచయిత

సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. నెలనెలా ఎదురుచూడాల్సింది 'చందమామ' కోసం. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక దశాబ్దాల పాటు వడపళని చిరునామాతోనే వెలువడింది. అందులో 1954లో 'తోకచుక్క' సీరియల్ మొదలైంది. సేనాని సమరసేనుడు, మాంత్రికులు చతుర్నేత్రుడు, ఏకాక్షి. మాంత్రికులు ఉసిగొల్పే వింత జీవాలు. తర్వాత ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం... 1978లో ముగిసిన 'భల్లూక మాంత్రికుడు' దాకా మొత్తం పన్నెండు. చిత్ర గీసిన బొమ్మలు చూస్తూ పిల్లలు అన్నం మానేసేవారు.

ఇవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1952 నుంచి 2006 దాకా ఆయన చందమామలోనే పనిచేశారు. కానీ ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. ఖడ్గవర్మ, జీవదత్తుల్లో ఎవరు గొప్ప అని కొట్టుకున్న పిల్లల్లో చాలామందికి వాళ్లను పుట్టించిందెవరో పెద్దయ్యాక గానీ తెలియలేదు. పాత సంచికల్ని వెతికి, స్కానింగ్ చేసి, ఒకరికొకరు పంచుకున్నది ఆ పాఠకులే. 2010లో ఆయన కన్నుమూశాక సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయంటే వెనకున్న బలం వాళ్లదే. చందమామ అచ్చు 2013 నాటికి ఆగిపోయింది. పత్రిక పోయినా కథలు మిగిలాయి. ఎందుకంటే... వాదించుకునేవాళ్లు మిగిలారు కాబట్టి.

లిపి దగ్గరే చిక్కు

అసలు చిక్కు ఇక్కడుంది. కోడంబాక్కంలో పెరిగే తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవలేనివారు ఎందరో. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరైంది. 2015-16కి అది పదో తరగతికి చేరింది. పరీక్షలో మినహాయింపు కోసం భాషాపర మైనారిటీ విద్యార్థులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. సినిమావాళ్లు హైదరాబాద్ తరలిపోవడంతో తెలుగు బడికి పిల్లలూ తగ్గారు. తమిళం నేర్వడం మంచిదే. అక్కడి అన్నం తిన్నప్పుడు అక్కడి భాష రావాలి. దానికోసం ఇంటి భాషలో అక్షరాలు పోవడమే బాధ.

అందుకే ఆటల లోర్ మీద పిల్లాడి వాదన ఇంగ్లిషులో, స్నేహితులతో గొడవ తమిళంలో సాగుతోంది. తెలుగులో వాదించడానికి వాడికి ఏమీ దొరకడం లేదు. భాషను పాఠంగా నేర్పితే మార్కుల వరకే. పేచీగా నేర్పితే నాలుక మీద నిలుస్తుంది. పాతాళభైరవి చూపించి "ఇది బాటా, కాదా" అని అడిగి చూడండి. పిల్లాడు ఫోన్ పక్కన పెట్టి మరీ మీదికొస్తాడు.

తాతగారింట్లో జరిగేదీ అదే. కథంతా విన్న మనవడు తల ఊపలేదు. పట్టుకున్నాడు.

"అంతా బాగుంది తాతయ్యా. చివర్లో ఆ బొమ్మ మళ్లీ రాముడి చేతికే వచ్చింది కదా! మరి రాముడు కూడా బాట్ పెట్టినట్టేగా?"

తాతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కాదురా... ఆగు. ఈసారి దాన్ని ఎలా సంపాదించాడో చెబుతాను, విను."